దీర్ఘవ్యాధుల నివారణలో గ్రామ పంచాయతీ

(హైదరాబాదు నాంపల్లిలో, వివిధ గ్రామముల నుండి వచ్చిన పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



రాజధాని చూచుటకు వచ్చిన మీకు ఈ ఉదయము శాసనసభా భవనమును, దాని ప్రక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్సును చూపించితిమి. మధ్యాహ్నము మొజంజాహి మార్కెట్టు మీదుగా అబిడ్స్ బజారునకు పోవుదుము. ఈ నడుమ దొరికిన కొంత సమయమున మీతో ఒక ముఖ్య విషయము ముచ్చటింపవలెనని మా కోరిక. అది మధుమేహము, రక్తపు పోటు, గుండె జబ్బు మొదలగు దీర్ఘవ్యాధుల విషయము. వ్యాధి వచ్చిన పిమ్మట చేయవలసిన చికిత్సను గూర్చి డాక్టర్లు చెప్పగలరు. వ్యాధి రాకుండ ప్రభుత్వము ఏమి చేయుచున్నది, ఆ ప్రయత్నము ఊరి పొలిమేర దాటి ఇంటింటికి చేరుటకు పంచాయతీ ఏమి చేయవలెను అనునంత వరకే మా ప్రసంగము.

పట్నపు జబ్బు కాదు

మధుమేహము కూర్చుండి తినువారి రోగమని మన పెద్దలు తలచెడివారు. అబిడ్స్ వంటి బజారులలో గద్దె దిగని షాహుకార్లకే అది వచ్చుననియు, నాగలి పట్టినవానిని అంటదనియు వారి నమ్మకము. ఆనాటికి ఆ నమ్మకములో కొంత నిజము లేకపోలేదు. నేడది నిలువదు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట జరిపించిన పెద్ద సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. రక్తపు పోటు గలవారు 31 కోట్ల 50 లక్షలు. ఇంత పెద్ద సంఖ్యలు వినుటకే గాని ఊహకు అందవు. కావున నూటికి ఎందరో చూతము. పెద్దవయసు వారిలో మధుమేహము పట్టణములందు నూటికి 16 మందికి, పల్లెలందు సుమారు 9 మందికి ఉన్నది. అయినచో పల్లె మేలే గదా అనవచ్చును. కాని వ్యాధి అంచున ఉన్నవారి లెక్క చూచినచో పట్నమునకు, పల్లెకు భేదమే లేదు. రెండింటను నూటికి 15 మంది. అనగా నేటి పల్లె రేపటి అబిడ్స్ కానున్నది. అంచున ఉన్నవానిని వెనుకకు త్రిప్పుట సాధ్యము. ఈ ప్రసంగమునకు ఆధారము ఆ ఒక్క ఆశయే.

ఈ మార్పు ఎట్లు వచ్చినది? వెనుకటి తరము వారు మోట తోలి నీరు పెట్టినారు. ఇంటి స్త్రీలు వడ్లు దంచినారు, తిరగలి విసరినారు, కడవలతో నీరు మోసినారు. సంతకు పోవలెనన్న కాలినడకయే. నేడు మీట నొక్కిన బోరు పోయుచున్నది. ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది. పొలము గట్టు వరకు మోటారు సైకిలు పోవుచున్నది. ఇది చెడుగు కాదు. మనిషి కష్టము తగ్గుటయే అభివృద్ధి. కాని కష్టము తగ్గినంతగా కంచములోని అన్నపు కుప్ప తగ్గలేదు. దానికి తోడు ప్రతి ఊరి కిరాణా దుకాణము ముందు చిప్సు పొట్లములు, తీపి పానీయముల సీసాలు వ్రేలాడుచున్నవి. వచ్చునది పెరిగి, పోవునది తగ్గినచో గాదె నిండును. దేహమును అంతే.

ఈ వ్యాధులకు మరియొక దుర్గుణము కలదు. ఇవి మొదట నొప్పి పెట్టవు. పోటు ఉన్నదని మనిషికి తెలియదు. పక్షవాతము వచ్చి చేయి పడిపోయిన నాడు తెలియును. చక్కెర ఉన్నదని తెలియదు. కాలి పుండు మానని నాడో, మూత్రపిండములు చెడిన నాడో తెలియును. ప్రభుత్వము ఆరోగ్యశ్రీ క్రింద చికిత్సకు ఇచ్చు మొత్తమును 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది. ఆ పథకము క్రింద డయాలిసిస్ కూడ ఉచితముగ జరుగును. కాని వారమునకు రెండు మూడు సార్లు రోగిని పట్నమునకు తీసికొని పోవువాని కూలి ఏ పథకమిచ్చును? బడి మాని తండ్రికి తోడుపోవు పిల్లవాని చదువు ఏ ఆసుపత్రి ఇచ్చును? వైద్యము ఉచితమైనను వ్యాధి ఉచితము కాదు.

తార్నాకలోని పరిశోధన శాల

మన రాష్ట్రమున ఈ విషయము నిర్ణయించు పెద్ద సంస్థ ఒకటి కలదు. అది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. దాని కథ తెలిసికొనదగినది. 1918లో తమిళ దేశపు కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో దానిని ఆరంభించినాడు. ఆనాడు వారు వెదకినది బెరిబెరి వ్యాధికి కారణము. మరపట్టి తెల్లగా చేసిన బియ్యము తప్ప మరేమియు తినని వారికి, తవుడుతో పాటు ఒక విటమిను పోవుటచే, కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె బలహీనమగుచుండెను. మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి విరివిగా ఉండెడిది. 1958లో ఆ పరిశోధన శాల హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు పొందినది.

ఆనాటి ప్రశ్న, తిండి చాలనివారికి ఏమి పెట్టవలెనని. నేటికిని ఆ ప్రశ్న ముగియలేదు. రక్తహీనత గల స్త్రీలు, బరువు తక్కువ గల పిల్లలు ప్రతి ఊరిలో ఉన్నారు. అయితే అదే ఇంట తల్లికి రక్తము చాలదు, తండ్రికి చక్కెర హెచ్చు. ఒకే కంచములోని లోపము ఇద్దరికి రెండు రూపములుగ వచ్చినది. అన్నము నిండుగ ఉండి, పప్పు, ఆకుకూర, పండు, పాలు చాలకపోవుటయే ఆ లోపము. కావున తక్కువ తినుమని ప్రభుత్వము చెప్పుటలేదు. కంచము సరిదిద్దుకొనుమని చెప్పుచున్నది.

2024 మే నెలలో ఈ సంస్థ భారతీయుల కొరకు 17 ఆహార సూత్రములు ప్రకటించినది. దేశపు మొత్తము వ్యాధి భారములో 56.4 శాతము సరికాని ఆహారము వలననే కలుగుచున్నదని అందు అంచనా వేసినారు. సరియైన ఆహారము, వ్యాయామము ఉన్నచో పెద్దవయసున వచ్చు మధుమేహములో 80 శాతము వరకు ఆపవచ్చునని కూడ చెప్పినారు. నూటికి ఎనుబది! ఇంత ఫలితమిచ్చు మందు ఏ దుకాణమునను దొరకదు.

కంచము కొలత

ఆ సూత్రములను మన ఇంటి లెక్కలోనికి మార్చి చూతము. దినమునకు 2000 కాలరీలు చాలు పెద్దమనిషికి బియ్యము, జొన్న, గోధుమ అన్నియు కలిపి సుమారు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. వేరుసెనగ వంటి గింజలు కొన్ని. మోటు పని చేయువానికి ఈ కొలత పెరుగును.

ఇప్పుడు రేషను దుకాణమునకు పోదము. 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన పథకము ప్రకారము మన రాష్ట్రమున రేషను కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ వచ్చుచున్నది. 6 కిలోలను ముప్పది దినములకు పంచిన దినమునకు 200 గ్రాములు. అనగా పైన చెప్పిన ధాన్యపు కొలతలో అయిదింట నాలుగు పాళ్ళు సర్కారు ఇంటికి చేర్చినది. ఆకలి భయము తీరినది. ఇక బియ్యమునకు పెట్టు రూకలు మిగిలినవి. ఆ మిగిలిన రూకలు మరల బియ్యమునకో, చిప్సు పొట్లమునకో పోవునా, లేక కందిపప్పునకు, గ్రుడ్డునకు, ఆకుకూరకు పోవునా అనునదే నేటి ప్రశ్న. మీ గ్రామ మహిళా సంఘములలో ఈ ఒక్క లెక్క చెప్పినను చాలును.

ఉప్పు, నూనెల లెక్క కూడ వినుడు. మనిషికి దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదు. నలుగురున్న ఇంట నెలకు 600 గ్రాములు. ఇందులోనే ఊరగాయ, అప్పడములు, బజారు తినుబండారములలోని ఉప్పు కూడ చేరవలెను. కిలో ఉప్పు పొట్లము నెల తిరుగకముందే ఖర్చగుచున్నదా యని ప్రతి ఇల్లాలు చూచుకొనవచ్చును. ఆవకాయ మన జాతి సొత్తు. దానిని మానుమని ఎవరును చెప్పజాలరు. ముద్దముద్దకు కలుపుకొనుట మాని అంచుకు పెట్టుకొనిన చాలును. నూనె మనిషికి దినమునకు 27 గ్రాముల మేర. నలుగురున్న ఇంట నెలకు సుమారు మూడున్నర లీటర్లు. అంతకు మించి డబ్బా తెరచుచున్నచో ఎక్కడ పోవుచున్నదో వెదకవలెను.

జొన్న, సజ్జ, కొర్ర, రాగులను గూర్చి కూడ చెప్పవలెను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగ పాటించినది. మన రాజేంద్రనగరులోని చిరుధాన్యముల పరిశోధన సంస్థ దేశమంతటికి కేంద్రము. అంతకు చాల ముందే, 1990 దశకముననే, జహీరాబాదు ప్రాంతపు పేద స్త్రీలు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరి, బీడు భూములలో జొన్నలు పండించి, తమ ఊరి పేదలకు తామే రేషనుగ పంచినారు. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది. జొన్నలు మందు కాదు. జొన్నరొట్టె కూడ ధాన్యపు కొలతలోనిదే. అన్నము తగ్గించి రొట్టె తినవలెను గాని, అన్నము పైన రొట్టె తినరాదు. కాని తెల్లబియ్యములో పోయిన పీచు వీనిలో నిలిచియున్నది. నీరు తక్కువగ కోరును. ఊరిలో పండును.

చట్టము ఎంతవరకు వచ్చును?

మధ్యాహ్నము మీరు చూడబోవు మొజంజాహి మార్కెట్టు 1935లో కట్టినది. ఒకనాడు నగరమునకు పెద్ద పండ్ల అంగడి అదియే. పండ్ల టోకు వ్యాపారము అక్కడినుండి తరలిపోయినది. నేడది ఐస్‌క్రీములకు పేరు పొందినది. అక్కడినుండి అబిడ్స్ వరకు మిఠాయి, బిస్కెట్టు, బజ్జీ, చాయ దుకాణములు వరుసగ కనిపించును. వీనిని ప్రభుత్వము మూయించరాదా అని మీలో కొందరు అడుగవచ్చును. మూయించదు, మూయించ నక్కరయు లేదు. పండుగనాడు తిను మిఠాయి వలన వ్యాధి రాదు. ప్రతిదినము పండుగ అయినపుడే వచ్చును. చట్టము చేయునది వేరు. వినియోగదారుడు కంటితో చూచి గుర్తింపలేని దోషమును చట్టము తొలగించును.

ఉదాహరణకు వనస్పతిలో గుండెకు మిక్కిలి హాని చేయు ట్రాన్స్ కొవ్వు ఉండును. తిను వానికి అది కనిపించదు, రుచికి తెలియదు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దానిని నూనెలు, కొవ్వులలో 2021 జనవరి నుండి 3 శాతమునకు, 2022 జనవరి నుండి 2 శాతమునకు కుదించినది. అట్లే మరగి మరగి చెడిన నూనెను మరల వాడరాదని 2018లో పరిమితి విధించినారు.

మీకు నేరుగా పనికివచ్చు నియమము మరియొకటి కలదు. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగ గల తినుబండారములను బడి ఆవరణలోగాని, బడి గేటునుండి 50 మీటర్ల లోపలగాని బడి పిల్లలకు అమ్మరాదని 2020లో నియమావళి వచ్చినది. ఢిల్లీలో వ్రాసిన ఈ నియమము అమలగునది మీ ఊరి బడి వాకిట. 50 మీటర్లు కొలుచుటకు ఏ ఇన్‌స్పెక్టరు ప్రతిదినము రాగలడు? కొలత టేపు మీ చేతిలోనే ఉన్నది.

ఇచట ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆ గేటు వద్ద బజ్జీలో, రంగు ఐసులో అమ్ముకొనునది తరచు ఒక వితంతువో, ఒక వృద్ధుడో అయి ఉండును. వారి బుట్ట తన్నివేసి ఆరోగ్యము కాపాడితిమని చెప్పుట న్యాయము కాదు. ఉడికించిన వేరుసెనగ కాయలు, అలసంద గుగ్గిళ్ళు, మొక్కజొన్న కంకులు, జామపండ్లు అమ్ముమని చెప్పి, మహిళా సంఘము ద్వారా మొదటి పెట్టుబడికి సాయము చేసినచో బుట్టయు నిలుచును, పిల్లయు బాగుపడును.

ఫిన్లాండు దేశమున నార్త్ కరేలియా అను పల్లె ప్రాంతము కలదు. వెన్న, ఉప్పు ఎక్కువగ తిను అచటి పురుషులు నడివయసుననే గుండె జబ్బుతో చనిపోవుచుండిరి. 1972లో ప్రభుత్వము అచట కార్యక్రమము ఆరంభించినపుడు డాక్టర్ల కన్న ఎక్కువ పని చేసినది గృహిణుల సంఘములు. వెన్న అమ్మకము తగ్గిన పాడిరైతులు చెడకుండ అడవిపండ్ల తోటలు వేయుటకు వారికి సాయము చేసినారు. నాలుగు దశాబ్దములలో పనిచేయు వయసు వారిలో గుండెపోటు మరణములు 80 శాతమునకు పైగా తగ్గినవి. తినువాని మేలు, అమ్మువాని బ్రతుకు రెండును చూచినందుననే అది నెగ్గినది.

మన పల్లెలలో తేలిన సత్యము

దూర దేశపు మాట ఎందుకు, మన చేరువ మాటయే చెప్పెదము. 1987 మొదలు 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వారు హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో ఒక పరిశీలన చేసినారు. 15 గ్రామములలో అంగన్‌వాడీ పథకము క్రింద గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అదనపు ఆహారము అందినది. గర్భిణికి దినమునకు సుమారు 600 కాలరీలు, పిల్లవానికి 300 కాలరీలు. మిగిలిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పెరిగి 13 నుండి 18 ఏండ్ల వారైనారు. అప్పుడు పరిశోధకులు మరల ఆ ఊళ్ళకు పోయి 1,165 మందిని పరీక్షించినారు. 2008లో ఫలితములు ప్రకటించినారు.

ఆహారము అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు హెచ్చినారు. అది అందరు ఊహించునదే. ఊహించనిది మరియొకటి కలదు. ఇన్సులిను పనికి శరీరము అడ్డుపడు గుణము మధుమేహమునకు తొలిమెట్టు. అది ఈ పిల్లలలో 20 శాతము తక్కువగ ఉన్నది. వారి రక్తనాళముల బిగువు కూడ తక్కువ. పొట్టలో ఉన్నపుడు తల్లి తిన్న ముద్ద, పదునైదేండ్ల తరువాత బిడ్డ నరములలో కనిపించినది!

ఇందలి పాఠము పంచాయతీలకే. మధుమేహ నివారణ అనగా ఏబది ఏండ్లవానికి చక్కెర మానుమని చెప్పుట మాత్రమే కాదు. అది మీ అంగన్‌వాడీ వాకిట మొదలగును. 2015 జనవరి నుండి మన రాష్ట్రమున ఆరోగ్యలక్ష్మి క్రింద గర్భిణులకు, బాలింతలకు గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో కూడిన పూటభోజనము పెట్టుచున్నారు. ఆ గ్రుడ్డు లెక్క ప్రకారము వచ్చినదా, గర్భిణి కేంద్రమునకు వచ్చి తినుచున్నదా, కూలికి పోయి రాలేకపోవుచున్నదా? ఇది చిన్న ప్రశ్న వలె తోచును. అది మీ ఊరి మరుసటి తరపు ఆరోగ్యమును నిర్ణయించు ప్రశ్న.

కష్టజీవికి వ్యాయామమేల?

ఉదయము పబ్లిక్ గార్డెన్సులో ముసలివారు, యువతులు, ఉద్యోగులు చెట్ల క్రింద వేగముగ నడుచుట చూచితిరి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు ఆరంభించిన నుమాయిష్ మొదట జరిగినది ఆ తోటలోనే. 1946 నుండి అది నాంపల్లిలోని ఇప్పటి మైదానమునకు మారినది. తోట మాత్రము నడచువారికి మిగిలినది. నగరము నడుమ అంత విలువగల నేలను ఎవరును అమ్ముకొనలేదు, ఆక్రమింపలేదు. అందుననే ఈనాటికి వేలమంది ఊపిరి పీల్చుచున్నారు. నేల కాపాడుట కూడ ఆరోగ్య విధానమే.

నాంపల్లి స్టేషను నుండి అబిడ్స్ వరకు మామూలు నడకకు పావుగంట, ఇరువది నిమిషములు పట్టును. పోయి వచ్చినచో నలుబది నిమిషములు. పెద్దవయసు వారికి వారమునకు 150 నిమిషముల చురుకైన శ్రమ, పిల్లలకు దినమునకు ఒక గంట ఆటపాట కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అరగంట చొప్పున వారమునకు అయిదు దినములు నడచినచో 150 నిమిషములు నిండును. దీనికి రుసుము లేదు, పరికరము లేదు.

పొలము పని చేయువారికి మరల నడకయేల అని మీరు అడుగుట సహజము. నిజముగ నాట్లు వేయు, కలుపు తీయు, బరువులు మోయు వారికి అక్కరలేదు. కాని ఆ పని ఏడాదిలో ఎన్ని దినములు? పొలము కౌలుకిచ్చినవారు, దుకాణము మీద కూర్చుండువారు, ఆటో నడపువారు, ఇంటి పట్టున కుట్టుమిషను త్రొక్కువారు, బీడీలు చుట్టు స్త్రీలు మీ ఊరిలో ఎందరు? ఈ చివరి వారిని గూర్చియే మా విన్నపము. దినమెల్ల కదలక కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీ సాయంకాలము నడువ దలచినను నడువలేదు. బాట చీకటి. కుక్కలు. వెక్కిరించు కుర్రలు. ఆమెను నడువుమని ఉపన్యసించుట మా వలన అగును. ఆ బాటలో దీపము పెట్టుట పంచాయతీ వలననే అగును.

పల్లె ప్రగతి క్రింద 2020 నుండి ఊరూర పల్లె ప్రకృతి వనములు వెలసినవి. 2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణముల పథకము ఆరంభమైనది. అంతకు ముందు 2019 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వము ఫిట్ ఇండియా ఉద్యమము ప్రారంభించినది. పేరు పలక పాతినంత మాత్రమున ప్రాంగణము కాదు. గడ్డి మొలచి, రాళ్ళు తేలి ఉన్నచో అది ఖాళీ స్థలమే. అందు సాయంకాలము కబడ్డీ, ఖోఖో, వాలీబాలు ఆడు పిల్లల అరుపు వినిపించిన నాడే అది క్రీడా ప్రాంగణము.

ముందుగ తెలిసికొనుట

ఈ వ్యాధుల నివారణకు జాతీయ కార్యక్రమము 2010లో ఆరంభమైనది. 2023లో దాని పేరును, పరిధిని విస్తరించినారు. దాని క్రింద 30 ఏండ్లు నిండిన ప్రతివారికి ఉచితముగ పోటు, చక్కెర పరీక్షలు చేయుదురు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినపుడు "నాకేమి రోగము" అని పంపివేయువారు పురుషులే ఎక్కువ. సర్పంచి, వార్డు సభ్యులు మొదట తాము పరీక్ష చేయించుకొనినచో తక్కినవారు వెనువెంట వత్తురు. వ్యాధి ఉన్నట్లు తేలినవారు ఆహారము, నడకతో పాటు డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడవలెను. బాగుగ ఉన్నదని తమంత తాము మాత్రలు మానుట ప్రమాదము.

పంచాయతీ చేయదగిన పనులు

ప్రజల పోషణ స్థాయిని పెంచుట ప్రభుత్వపు ప్రథమ కర్తవ్యములలో ఒకటియని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచున్నది. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజా పంపిణీ వ్యవస్థలను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున ఈ పని పరాయి శాఖ వారిదని అనుకొనవలదు. ఇంటికి పోయిన పిమ్మట ఈ ఆరింటిని చర్చకు పెట్టుడు.

ఒకటి. తరువాతి గ్రామసభలో రేషను బియ్యపు లెక్క, ఉప్పు నూనెల లెక్క చదివి వినిపించుడు.

రెండు. బడి గేటు నుండి 50 మీటర్లు కొలిచి గీత గీయుడు. ఆ గీత లోపల ఏమి అమ్మవచ్చునో అమ్ముకొనువారితో కూర్చుండి నిర్ణయించుడు.

మూడు. వారమునకొకసారి ఒక సభ్యుడు అంగన్‌వాడీకి, మరియొకరు బడి భోజనమునకు పోయి చూడుడు. బడి భోజనములో ప్రాథమిక తరగతుల పిల్లవానికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, పై తరగతుల వానికి 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు ఉండవలెనని నియమము. నీళ్ళ చారు చూచినచో అడుగుటకు మీకు హక్కు కలదు.

నాలుగు. బడి వెనుక, అంగన్‌వాడీ వెనుక మునగ, కరివేపాకు, తోటకూర, బొప్పాయి వేయించుడు. చేతులు కడిగిన నీరే వానికి చాలును.

అయిదు. క్రీడా ప్రాంగణమును, నడక బాటను శుభ్రపరచి, దీపములు పెట్టించుడు. సాయంకాలము ఒక గంట స్త్రీలకు ప్రత్యేకించుడు.

ఆరు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ సంఘమును ప్రతినెల సమావేశపరచి, 30 ఏండ్లు నిండినవారిలో ఎందరికి పరీక్షలైనవో, ఎందరు మిగిలిరో పట్టిక చూడుడు.

ఇందు ఏ ఒక్కటియు గొప్ప నిధులు కోరునది కాదు. గ్రామసభ ఒప్పుదల, సభ్యుల పట్టుదల ఉన్న చాలును.

సోదరులారా! ఆసుపత్రి కట్టించిన సర్పంచి పేరు శిలాఫలకమున ఉండును. ఆసుపత్రికి పోవలసిన పని లేకుండ చేసిన సర్పంచి పేరు ఎచటను చెక్కరు. రాని పక్షవాతమునకు, తెగని కాలికి లెక్క ఉండదు గదా! అయినను ఊరిలో అరువది ఏండ్ల రైతు తన కాళ్ళ మీద తాను నడచి పొలము చూచి వచ్చుట కంటె పంచాయతీకి వేరే కీర్తి ఏమి కావలెను? అంచున నిలిచిన ఆ పదునైదు మందిని వెనుకకు పిలుచు గొంతు మీది. మా శాఖ వ్రాయగలది వ్రాయును, చెప్పగలది చెప్పును. ఇక మీదటి పని మీ పంచాయతీలది.